కోడు లేని బండి

తవిటినాయుడి వ్యానుకు ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఆ సంగతి దాన్ని నడిపే తవిటినాయుడికి తెలుసు. అందులో ఊళ్ళు తిరిగే పశువుల డాక్టరు నీలవేణికి తెలుసు. అంతెందుకు, దాన్ని పట్టి షెడ్డులో పెట్టిన వాహన ఆరోగ్య మండలికి కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన వదిలిపెట్టడానికి అదేమీ సొంత వ్యవహారం కాదు, ప్రభుత్వ వ్యవహారం.

జరిగింది చాలా చిన్న సంగతి. పెట్రోలు బంకులో ట్యాంకు మూత సగమే బిగించారు. మూత వదులైతే పెట్రోలు ఆవిరి బయటికి పోతుంది. అది ఇంజను కంప్యూటరు కనిపెట్టి, డ్రైవరు కళ్ళ ముందు పసుపు దీపం వెలిగించి, తన జ్ఞాపకంలో ఒక కోడు రాసి పెట్టుకుంటుంది. మామూలు మనుషులైతే దిగి, మూత బిగించి, తమ దారిన తాము పోతారు. కొన్నాళ్ళు తిరిగేసరికి దీపం దానంతటదే ఆరిపోతుంది. కాని ప్రభుత్వ వాహనంలో పసుపు దీపం వెలిగితే, వెలిగిన చోటు నుంచి నేరుగా మండలి షెడ్డుకు తోలుకురావాలని నిబంధన. తవిటినాయుడు నిబంధన పాటించే మనిషి. పాటించాడు. సర్వీసులో అతను చేసిన తప్పుల్లోకెల్లా పెద్దది అదే.

ఎందుకంటే ఆ వ్యాను వెనక భాగంలో ఒక ఫ్రిజ్జు ఉంది. ఫ్రిజ్జు నిండా గాలికుంటు జబ్బుకు వేసే టీకా మందు ఉంది. నాగావళికి అవతలి ఊళ్ళలో పశువులకు అప్పటికే నోళ్ళు పుళ్ళు పడ్డాయి, గిట్టల మధ్య పొక్కులు లేచాయి, మేత మానేసి చొంగ కార్చుకుంటూ పడి ఉన్నాయి. ఇవతల, కొండ కింది ఊళ్ళకు జబ్బు ఇంకా రాలేదు. ఆ ఊళ్ళలో చివరిది గెడ్డవలస. అది తవిటినాయుడి సొంత ఊరు. అక్కడ అతని భార్య గున్నమ్మ ఉంది, తను తిన్నా తినకపోయినా ముందు కుడితి పెట్టి ఆమె చూసుకునే ఎడ్ల జత ఉంది. జబ్బు ఏరు దాటేలోపు మందు ఊరు చేరాలి. చేరకపోతే ఈ ఏడు గెడ్డవలసలో దుక్కి లేదు, పాలు లేవు.

మండలి పుట్టుకకు కారణం మంచిదే. అంతకుముందు షెడ్డులో మెకానిక్కులు బోనెట్టుకు చెవి ఆనించి విని, తోచిన భాగం పేరు చెప్పి, బాగున్నవాటిని మార్చి పాడైనవాటిని వదిలేసేవారు. ఈ అన్యాయం చూడలేక అధికారి విశ్వమోహనరావు గారు రాజధానిలో శిక్షణకు వెళ్ళి, అరచేతిలో ఇమిడే స్కానరు ఒకటి పట్టుకొచ్చారు. స్టీరింగు కింద ఉన్న సాకెట్టులో దాన్ని గుచ్చితే చాలు, బండి తన బాధ కోడు రూపంలో తానే చెప్పుకుంటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన ముందు అబద్ధమాడని దాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి. వెంటనే షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో రాయించారు: "కోడు ఉన్నచో దోషము కలదు. కోడు లేనిచో దోషము లేదు."

ఆ తరువాత జిల్లాలో వాహనాల ఆరోగ్యం ఒక్కసారిగా బాగుపడింది. ఒక జీపుకు బ్రేకులు పడటం లేదని డ్రైవరు మొత్తుకున్నాడు. అరిగిపోయిన బ్రేకు గురించి చెప్పే కోడు ఆ జీపు కంప్యూటరులో లేదు. అందుచేత 'నిర్దోషి' అని ముద్ర వేసి పంపించారు. జీపు వెళ్ళి షెడ్డు గేటు స్తంభాన్ని గుద్దింది. మళ్ళీ స్కానరు పెట్టి చూశారు. అప్పుడూ కోడు లేదు. ప్రమాదం జరిగినట్టు ఆధారాలు లేనందున స్తంభం తనంతట తానే ఒరిగినదని విచారణలో తేలింది. డ్రైవరు నుదుటి బొప్పి గురించి ఎవరూ అడగలేదు.

ఇటువంటి చోటికి తవిటినాయుడు వ్యాను తోలుకొచ్చాడు.

"పి సున్నా నాలుగు యాభై అయిదు," అన్నారు విశ్వమోహనరావు గారు స్కానరును కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని. "ఇంధన బాష్ప నిరోధక వ్యవస్థ యందు స్థూలమైన లీకేజీ."

"మూత ఒదులైపోనాది బాబూ," అన్నాడు తవిటినాయుడు. "బంకులో సరిగ్గా బిగించనేదు. ఇదిగో, ఇలగ తిప్పితే అయిపోద్ది."

అతని చెయ్యి మూత మీద పడేలోపే విశ్వమోహనరావు గారు గావుకేక పెట్టారు.

"ముట్టుకోకు! సాక్ష్యాన్ని తారుమారు చేస్తావా?"

"మూతే కదా బాబూ."

"మూత వదులుగా ఉన్నట్టు నాకు కనపడటం లేదనుకున్నావా? శుభ్రంగా కనపడుతోంది. కాని ఈ ఆవరణలో దోషాన్ని కళ్ళతో నిర్ధారించే అధికారం ఎవరికీ లేదు, నాకు కూడా లేదు. సరే, నువ్విప్పుడు మూత బిగించావనుకో. దోషం పోతుంది. కోడు మాత్రం లోపల ఉండిపోతుంది. అప్పుడేమవుతుంది?"

"నాలుగు రోజులు తిరిగితే దీపం ఆరిపోద్ది బాబూ."

"దోషం లేని కోడు మిగులుతుందయ్యా! అంటే కోడు అబద్ధం చెప్పినట్టవుతుంది. కోడు మీద విశ్వాసం సడలితే ఇక ఈ మండలి ఎందుకు? నేనెందుకు?"

రెండో ప్రశ్నకు తవిటినాయుడికి సమాధానం నోటిదాకా వచ్చింది. పెళ్ళాం మొహం గుర్తొచ్చి మింగేశాడు.

వ్యానుకు తాళం వేసి, తలుపు మీద సీలు వేశారు. ఫ్రిజ్జు ఆగిపోతే మందు పాడైపోతుందని తవిటినాయుడు కాళ్ళావేళ్ళా పడితే, వాచ్‌మన్ గది నుంచి కిటికీ సందులో ఒక వైరు లాగి ఫ్రిజ్జుకు తగిలించుకోవడానికి ఒప్పుకున్నారు. వైరుకు కోడు ఉండదు గనుక దాని మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

కోడు చెరపాలంటే ముందు దోషాన్ని అధికారికంగా మళ్ళీ పుట్టించి చూడాలట. అందుకు 'దోష పునరుత్పాదన సంఘం' అని ఒకటుంది. సంఘం వారు వచ్చి, కుర్చీలు వేయించుకుని, టీ తాగి, వ్యాను చుట్టూ ప్రదక్షిణం చేశారు. వదులు మూతలోంచి ఆవిరి పోతున్న మాట నిజమే గాని, ఎంత పోతోందో తేలడం లేదు. సందేహానికి తావుండకూడదని సంఘం మూతను పూర్తిగా ఊడదీసింది. ఇప్పుడు ఆవిరి ధారాళంగా పోతోంది. సభ్యులందరూ సంతృప్తి వ్యక్తం చేశారు. మూతను ఒక కవరులో పెట్టి, లక్క సీలు వేసి, రాజధానిలోని పరీక్షశాలకు పంపించారు.

"మరి కొత్త మూతైనా ఇప్పించండి బాబూ," అన్నాడు తవిటినాయుడు, ట్యాంకు నోట్లో పాత గుడ్డ కుక్కుతూ.

"పాత మూత పోయిందా?" అన్నారు విశ్వమోహనరావు గారు.

"నేదు బాబూ. పరీక్షకెల్లింది."

"ఉన్న వస్తువును మళ్ళీ ఇప్పించమని ఇండెంటు పెట్టడం నేరమయ్యా నాయుడూ. నీకు పెళ్ళాం పిల్లలున్నారు. ఇటువంటి ఆలోచనలు పెట్టుకోకు."

పరీక్షశాల నుంచి జవాబు రాలేదు. ఏటి అవతల నుంచి మాత్రం కబుర్లు వస్తూనే ఉన్నాయి. నిన్న ఫలానా ఊళ్ళో పాడి గేదె పడిపోయింది, ఇవాళ ఫలానా వారి దూడలు పోయాయి. తవిటినాయుడు రోజూ షెడ్డుకు వచ్చి, వైరు ఊడలేదు కదా అని చూసి, వ్యాను పక్కన గొంతుక్కూర్చునేవాడు. రోగం లేని మనిషిని ఆస్పత్రిలో కట్టేసి, బయట చావు బాజాలు వాయిస్తున్నట్టు ఉండేది అతనికి.

డాక్టరు నీలవేణి సహనం నశించి స్వయంగా వచ్చింది. ఆమె నెమ్మదిగా మాట్లాడే మనిషి. కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడుతుంది.

"సార్, వ్యాను మీ దగ్గరే ఉంచుకోండి. పండగ చేసుకోండి. మందు మాత్రం ఇచ్చేయండి. ఐసు పెట్టెలో పెట్టుకుని ఆటోలో పోతాను."

"డాక్టరు గారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది. కాని దోషగ్రస్త వాహనంలోని ప్రభుత్వ సామగ్రిని నిర్దోషి అయిన మరొక ప్రభుత్వ వాహనంలోకి తప్ప మార్చరాదు. ఆటోలో వేసుకుపోతారా? దాని కోడు ఎవరు చూశారు?"

"పశువులు చచ్చిపోతున్నాయి సార్."

"మీ వాక్యం సాంకేతికంగా అసంపూర్ణం," అన్నారు విశ్వమోహనరావు గారు సానుభూతితో. "ఏ కోడుతో చచ్చిపోతున్నాయి?"

ఎటువంటి పశువునైనా లొంగదీసుకోగల నీలవేణికి ఇక్కడ ఏ సూది వేయాలో తోచలేదు. చివరికి ఆమే, "పోనీ నిర్దోషి అయిన వాహనం ఒకటి మీరే ఇప్పించండి," అంది.

విశ్వమోహనరావు గారి మొహం విప్పారింది. ఇంతవరకూ ఆయన్ని ఎవరూ నిబంధన ప్రకారం ఏమీ అడగలేదు. ఆయన కుర్చీలోంచి లేచి, వారిద్దరినీ షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ, బోనెట్టు మీద వాడిపోయిన బంతిపూల దండతో, ఒక ఆకుపచ్చ జీపు ఉంది.

"ఉత్తమ ప్రభుత్వ వాహనం," అన్నారు ఆయన గర్వంగా. "మండలి ఏర్పడిన నాటి నుంచి ఒక్క కోడు కూడా చూపించలేదు. ఈ ఏడు బహుమతి దీనికే ఇచ్చాం."

తవిటినాయుడు బోనెట్టు ఎత్తి చూశాడు. లోపల నాలుగు రబ్బరు గొట్టాలు, ఒక తొండ, కింద నేల మీద మొలిచిన గడ్డి కనిపించాయి.

"బాబూ, దీనికి ఇంజను నేదు."

"మరమ్మతుకని ఎప్పుడో దించారు. తిరిగి ఎక్కించలేదు. అందుకు, దీనికి సంబంధమేమిటి?"

"ఇంజను నేకపోతే కోడెలగొత్తాది బాబూ?"

"రాదు కదా!" అన్నారు విశ్వమోహనరావు గారు. "అదే నేను కూడా చెబుతున్నది."

తవిటినాయుడు నీలవేణి మొహం చూశాడు. నీలవేణి తవిటినాయుడి మొహం చూసింది. ఇన్నాళ్ళూ అతను బుద్ధి ఉన్న మాట చెప్పి ఈ షెడ్డులోంచి మందు బయటికి తీయాలని చూశాడు. బుద్ధి ఉన్న మాట ఇక్కడ చెల్లదని ఆ క్షణాన అతనికి గట్టిగా తెలిసిపోయింది. ఒంట్లోంచి పెద్ద బరువు దిగినట్టయింది.

"శానా మంచి బండి బాబూ," అన్నాడు. "సంతకం ఎక్కడెట్టాల?"

తవిటినాయుడు పంపిన కబురు అంది, మర్నాడు పొద్దున్నే గున్నమ్మ ఎడ్ల జతను తోలుకుని షెడ్డుకు వచ్చింది. గెడ్డవలస నుంచి తెల్లవారకముందే బయలుదేరిందట. వాటికి ముందు సూది వేద్దామని నీలవేణి అంటే, ఆమె ఒప్పుకోలేదు.

"సూది ఏసిన గొడ్డుని రెండ్రోజులు బరువు లాగించకూడదని మీరే కదమ్మా సెప్తారు. మిగతా ఊర్లన్నిటికీ ఏసీండి. మాయి ఆకరున ఏద్దురు గాని," అంది. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి ఎర్రెద్దు గంగడోలు నిమురుతూనే ఉంది. తవిటినాయుడు అటు చూడలేక మొహం తిప్పుకున్నాడు. మందు వేయని ఎడ్లను జబ్బు అంచున ఊరూరా తిప్పడమంటే ఎంత తెగింపో పశువున్న ప్రతి ఇంటికీ తెలుసు.

వ్యాను సీలు తీయించి, మందును ఐసు పెట్టెలోకి మార్చి, జీపు ముందు బంపరుకు కాడి కట్టేసరికి విశ్వమోహనరావు గారు వచ్చారు.

"ఏమిటివి?"

"ఎడ్లు బాబూ. బండిని లాగుతాయి."

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. నిర్దోష వాహనాన్ని ఎద్దులు లాగరాదని ఎక్కడా లేదు. ఉన్నదల్లా, వాహనానికి తగిలించిన ప్రతి భాగాన్నీ దాని రికార్డులో చూపించాలని మాత్రమే. జీపు రికార్డులో 'బాహ్య చోదక శక్తి: రెండు' అని రాయించి, ఎడ్ల కొమ్ములకు నంబర్లు అంటించి, పచ్చజెండా ఊపారు. స్కానరు పట్టుకుని జీపు వెంట గేటు దాకా నడిచారు కూడా. ఒక్క కోడు రాలేదు.

ఇంజను లేని జీపులో స్టీరింగు తవిటినాయుడు పట్టుకున్నాడు. పగ్గాలు గున్నమ్మ పట్టుకుంది. వెనక సీటులో ఐసు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మ కూర్చుంది. దారిలో జనం నోళ్ళు తెరిచి చూశారు. ఒక ముసలాయన చేతులెత్తి దణ్ణం కూడా పెట్టాడు, దేనికో ఆయనకే తెలియాలి. తవిటినాయుడు అన్ని మలుపుల దగ్గరా పద్ధతి ప్రకారం చెయ్యి చూపించి సిగ్నలు ఇచ్చాడు. ఊరూరా మంచులాంటి మందు, ఊరూరా సూదులు. పశువులు తన్నాయి, కుమ్మాయి, నీలవేణి చీర చించాయి. ఆమె మాత్రం చాలా కాలం తర్వాత నవ్వుతూ పనిచేసింది.

గెడ్డవలస చేరేసరికి ఐసు అడుగంటింది. పెట్టెలో మందు మిగిలే ఉంది. ఊళ్ళో పశువులన్నిటికీ వేసి, ఆఖరున కాడి దించి, ఎర్రెద్దుకూ దాని జోడుకూ వేశారు. సూది దిగుతుంటే గున్నమ్మ ఎద్దు మెడ కావలించుకుని బావురుమంది. ఎందుకేడుస్తున్నావే అంటూ తవిటినాయుడు దాని జోడు మెడ నిమిరాడు. తరువాత జబ్బు ఏరు దాటింది గాని, కొండ కింద ఒక్క పశువు కూడా మేత మానలేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. మండలి ఆగనివ్వలేదు.

ఉత్తమ వాహనం అన్ని ఊళ్ళు తిరిగి, చుక్క పెట్రోలు తాగకుండా, పొగ వదలకుండా, కోడు చూపకుండా తిరిగొచ్చిన సంగతి మండలిని ఆలోచనలో పడేసింది. విశ్వమోహనరావు గారు గది తలుపులు వేసుకుని, జిల్లాలో ఇంతవరకూ వచ్చిన కోడులన్నిటినీ వరసగా పరిశీలించారు. ప్రతి కోడూ ఇంజను ఉన్న బండి నుంచే వచ్చింది. ఇంజను లేని బండి నుంచి ఒక్కటి కూడా రాలేదు. ఇంత స్పష్టమైన విషయం ఇంతకాలం ఎవరికీ ఎందుకు తట్టలేదా అని ఆయన తనలో తానే విస్తుపోయారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: "దోషములకు మూలస్థానము ఇంజను అని నిర్ధారణ అయినందున, మండలి రికార్డులలోని సమస్త వాహనముల నుండియు, వాటి చోదక శక్తుల నుండియు, ఇంజనులను తక్షణము తొలగించవలెను."

షెడ్డులో క్రేనుకు తీరిక లేకుండా పోయింది. నీలవేణి వ్యానును 'నిర్దోషి' ముద్రతో తిరిగి ఇచ్చేశారు. మూత కూడా పరీక్షశాల నుంచి వచ్చేసింది. అందులో ఏ లోపమూ లేదట. ఇంజను లేని వ్యానుకు తవిటినాయుడు ఆ మూత బిగించాడు. ఈసారి ఎవరూ గావుకేక పెట్టలేదు. దాంతో అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తరువాత ఒక సాయంత్రం విశ్వమోహనరావు గారి కారు గెడ్డవలస వచ్చింది. నలుగురు మనుషులు దాన్ని వెనక నుంచి నెడుతున్నారు. ఆయన దిగి, వెంట తెచ్చిన మెకానిక్కుతో సహా నేరుగా తవిటినాయుడి పశువుల శాల దగ్గరికి వచ్చారు.

"జీపు రికార్డు ప్రకారం బాహ్య చోదక శక్తులు రెండు," అన్నారు కాగితం చూసి. "నంబర్లు సరిపోయాయి. నాయుడూ, వీటిలో ఇంజను ఏ భాగంలో ఉంటుంది?"

తవిటినాయుడు నవ్వాడు. పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాడు. మెకానిక్కు పెట్టె తెరిచి, స్పానర్లు పక్కన పెట్టి, అడుగున ఉన్న పొడుగాటి కత్తి బయటికి తీసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. గున్నమ్మ చేతిలో కుడితి కుండ కింద పెట్టేసి, వచ్చి ఎర్రెద్దుకు అడ్డంగా నిలబడింది.

"నా మీద సెయ్యేసి అప్పుడు దాని మీదెయ్యండి," అంది.

"అమ్మా, ఇది ప్రభుత్వ ఉత్తర్వు. భావోద్వేగాలకు ఇందులో అవకాశం కల్పించలేదు," అన్నారు విశ్వమోహనరావు గారు. మెకానిక్కు ఎద్దు డొక్క మీద చెవి ఆనించి, లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోందని చెప్పాడు.

ఉత్తర్వు తప్పని చెప్పి లాభం లేదు. ఎద్దుకు ఇంజనుండదని చెప్పి అంతకంటే లాభం లేదు, లేనిచో ఎట్లు లాగినది అని అడుగుతారు. తవిటినాయుడు చేతులు కట్టుకుని, ఒక అడుగు ముందుకు వేసి, ఎంతో వినయంగా చెప్పాడు.

"బాబూ, ఈటి ఇంజన్లు ఎప్పుడో తీసీసినారు. కోడెదూడలుగా ఉన్నప్పుడే. ఆస్పత్రిలో డాక్టరమ్మే తీయించినారు. కావాలంటే వెనక్కెల్లి సూసుకోండి."

విశ్వమోహనరావు గారు వెనక్కి వెళ్ళి, వంగి, కళ్ళద్దాలు సరిచేసుకుని చూశారు. మెకానిక్కు కూడా చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజంగానే తీసేశారు.

ఆయన కాగితం మీద 'ఉత్తర్వుకు పూర్వమే తొలగించబడినది' అని రాసి, సంతకం పెట్టి, మెచ్చుకోలుగా తలూపారు. మెకానిక్కు కత్తి పెట్టెలో పెట్టేశాడు. గున్నమ్మ కుడితి కుండ మళ్ళీ ఎత్తుకుంది. గేటు దాకా వెళ్ళిన విశ్వమోహనరావు గారికి ఏదో అనుమానం వచ్చి వెనక్కి తిరిగారు.

"అయితే నాయుడూ, అది తీసేశాక కూడా ఇన్నేళ్ళుగా ఇవి పని ఎలా చేస్తున్నాయి?"

"అలవాటు బాబూ," అన్నాడు తవిటినాయుడు. "మన డిపార్ట్‌మెంటులో అందరమూ అలగే సేత్తన్నాం గదా."

విశ్వమోహనరావు గారు అది కూడా రాసుకున్నారు.